పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రాయడం నేర్పే లెక్చరర్ ఏ శాఖ వారై ఉండాలి?

ఒడిశాలో 2024-25 విద్యా సంవత్సరం నుంచి ప్లస్ త్రీ (మూడేళ్ల డిగ్రీ) చదువు కొత్త నమూనాలోకి మారిన తర్వాత, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల నుంచి వచ్చే ఉత్తరాలలో ఒకే రకమైన సందేహం మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. భాష, రచన, పర్యావరణం, విలువలు అంటూ అన్ని శాఖల విద్యార్థులూ కలిసి కూర్చునే తరగతులకు పాఠం చెబుతున్నవారు ఎవరు, ఏం చదువుకున్నారు, ఆ పని వారికి ఎలా వచ్చింది అన్నదే ఆ సందేహం. ఈ సంచికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి బరంపురంలోని ఒక కళాశాలలో చరిత్ర ప్రధాన విషయంగా ప్లస్ త్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఇంగ్లీషులో రాయడం నేర్పే తరగతికి మొదట పత్రికలో పనిచేసి వచ్చిన గెస్ట్ లెక్చరర్ ఒకరు వచ్చేవారట. ఆయన మానేశాక ఆ తరగతిని తత్వశాస్త్రం లెక్చరర్‌కు అప్పగించారు. పర్యావరణం పాఠంలో సగం జంతుశాస్త్రం వారు, సగం రసాయనశాస్త్రం వారు చెబుతున్నారు. ఏ పాఠానికీ ఆ పాఠం చదువుకున్న మనిషి లేరు. ఫీజు కట్టించుకొని ఇలా చేయడం మోసం కాదా?
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: మోసం అనలేము గాని, మీ అసంతృప్తికి కారణం మాత్రం ఉంది. అది మీరనుకున్న చోట లేదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో విడుదల చేసిన డిగ్రీ పాఠ్యప్రణాళికను చూడండి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు (చదివిన గంటలను బట్టి లెక్కించే పాయింట్లు) కావాలి. అందులో భాషా సామర్థ్యానికి 8, తన శాఖకు బయటి విషయాలకు 9, వృత్తి నైపుణ్యాలకు 9, పర్యావరణం, భారతదేశ పరిచయం, ఆరోగ్యం వంటి వాటికి 6 నుంచి 8 కేటాయించారు. అన్నీ కలిపితే 32 నుంచి 34 క్రెడిట్లు అవుతాయి. అంటే డిగ్రీలో నాలుగో వంతుకు పైగా ఈ ఉమ్మడి పాఠాలే. చరిత్రకు చరిత్ర శాఖ ఉంటుంది, దానికి మంజూరైన పోస్టులుంటాయి, శాఖాధిపతి ఉంటారు, ఫలితాలు చెడితే అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. ఈ నాలుగో వంతుకు చాలా కళాశాలల్లో ఇవేవీ లేవు. అందువల్ల టైంటేబుల్ వేసే రోజున, తన శాఖలో విద్యార్థులు తగ్గి వారానికి నిండవలసిన గంటలు నిండని లెక్చరర్ ఎవరైతే వారి పేరు ఎదుట ఈ తరగతి వచ్చి చేరుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు తరగతిలో పాఠం చెప్పాలి. ఆ లెక్క సరిపోవడానికి ఉమ్మడి పాఠాలు చాలా వీలైనవి. ఇంకా మిగిలిన గంటలకు గెస్ట్ లెక్చరర్లను పిలుస్తారు. ఊరుమ్మడి చెరువులో పూడిక తీసే బాధ్యత ఎవరిదీ కానట్టే ఈ తరగతుల బాగోగులు కూడా ఎవరివీ కాకుండా పోతున్నాయి.

ఇది కొత్త చదువుతో మొదలైన సంగతి కూడా కాదు. పర్యావరణం పాఠాన్నే తీసుకోండి. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు, 2003లో మళ్లీ ఇచ్చిన ఆదేశం వల్ల అది దేశంలోని అన్ని డిగ్రీ తరగతులకూ తప్పనిసరి అయింది. కోర్టు పాఠం పెట్టమంది, యూజీసీ పాఠ్యాంశాలు తయారు చేసింది, కాని పాఠంతో పాటు పోస్టులు రాలేదు. దాంతో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, భూగోళం, రసాయనశాస్త్రం, కొన్నిచోట్ల వాణిజ్యశాస్త్రం వారు కూడా దాన్ని పంచుకున్నారు. ఇందులో తమాషా ఏమిటంటే, యూజీసీ కోసం ఆ పాఠ్యపుస్తకం రాసిన పుణె నివాసి ఎరాక్ భరూచా గారు వృత్తిరీత్యా శస్త్రవైద్యులు. అడవుల మీద, వన్యప్రాణుల మీద ఉన్న ఆసక్తితో ఆయన పర్యావరణ విద్య వైపు వచ్చారు. దేశమంతటా విద్యార్థులు చదివిన పుస్తకాన్ని సర్జన్ రాయగా లేని అభ్యంతరం, దాన్ని మీ అమ్మాయికి జంతుశాస్త్రం లెక్చరర్ బోధిస్తే ఎందుకుండాలి?

రాయడం నేర్పే తరగతి చరిత్ర ఇంకా పాతది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసరచనను 1874లో చేర్చింది, 1885 నాటికి మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ రచన తరగతిని తప్పనిసరి చేసింది. ఆ తరగతిని తీర్చిదిద్దిన ఆడమ్స్ షెర్మన్ హిల్ న్యాయశాస్త్రం చదివి, న్యూయార్క్‌లో పత్రికా విలేకరిగా పనిచేసి వచ్చిన మనిషి. ఆ తర్వాత ఆ దేశంలో ఈ పని సాహిత్యం చదివినవారు, కథకులు, భాషాశాస్త్రజ్ఞులు, పరిశోధక విద్యార్థులు, తరగతికి ఇంత అని తీసుకొనే తాత్కాలిక అధ్యాపకులు ఇలా రకరకాల మనుషుల చేతుల మీదుగా నడిచింది. రచనా బోధకులు తమ సొంత సంఘం పెట్టుకున్నది 1949లో. నైజీరియాలో న్సుక్కా విశ్వవిద్యాలయం 1960లో మొదలైనప్పటి నుంచి అన్ని శాఖలవారికీ జనరల్ స్టడీస్ ఉంది. మన దేశంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ సామాన్య విద్య అవసరమని చెప్పింది. సూచన మంచిదే అయినా, దాన్ని బోధించే వర్గాన్ని ప్రత్యేకంగా తయారు చేసే పని మాత్రం వెనుకబడింది.

ఇక మీ అమ్మాయి తరగతి సంగతి. ఒక్కొక్క చదువు మనిషికి ఒక్కొక్క చూపునిస్తుంది, దానితో పాటు ఒక్కొక్క గుడ్డితనాన్ని కూడా ఇస్తుంది. పత్రిక నుంచి వచ్చినవారు మొదటి వాక్యంలోనే విషయం చెప్పడం, అనవసరమైన పదాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టేయడం నేర్పగలరు. పదిహేను పేజీల పాటు ఒకే వాదాన్ని నిలబెట్టడం వారికి అలవాటు ఉండకపోవచ్చు. తత్వశాస్త్రం వారు ‘నీవన్న మాటకు ఆధారమేమిటి, ఈ వాక్యం నుంచి ఆ వాక్యం ఎలా వచ్చింది’ అని అడుగుతారు. చరిత్ర చదివే పిల్లకు ఇంతకంటే పనికివచ్చే ప్రశ్న లేదు. సాహిత్యం చదివినవారికి వాక్యం లయ తెలుస్తుంది, శైలి తెలుస్తుంది. అయితే దరఖాస్తు, నివేదిక, ప్రయోగ వివరణ వంటి వాటిని వారిలో కొందరు చిన్నచూపు చూస్తారు. విజ్ఞానశాస్త్రం వారు చేసిన పనిని వరుసగా చెప్పించగలరు గాని, ఆ వాక్యాలలో పనిచేసిన మనిషి కనిపించకుండా పోతాడు. న్యాయశాస్త్రం వారు నిర్వచనాల దగ్గర కచ్చితంగా ఉంటారు. ఎవరికి వారు పూర్తి కారు. నా అభిప్రాయంలో, సాహిత్యం ఎం.ఏ. ఉండి పాఠ్యపుస్తకంలోని గద్యభాగాన్ని చదివి అర్థం చెప్పి వెళ్లిపోయే లెక్చరర్ కంటే, వారం వారం రాయించి దిద్ది ఇచ్చే తత్వశాస్త్రం లెక్చరర్ ఎంతో మేలు.

అందుచేత మీరు కళాశాలకు వెళితే ‘ఈ లెక్చరర్ ఏం చదివారు’ అని అడగకండి. సెమిస్టరులో విద్యార్థి చేత ఎన్నిసార్లు రాయిస్తారు, రాసినదాన్ని వ్యాఖ్యతో తిరిగి ఇస్తారా, తిరిగి ఇచ్చినదాన్ని మళ్లీ రాయమంటారా, ఒక్కొక్క సెక్షనులో ఎంతమంది ఉన్నారు అని అడగండి. నూట ఇరవై మంది కూర్చున్న గదిలో ఎంత గొప్ప బోధకుడైనా కాగితాలు దిద్దలేడు. అక్కడ తప్పు ఆయన పట్టాది కాదు, సెక్షను విడగొట్టని యాజమాన్యానిది. సెమిస్టరు మధ్యలో మనిషి మారిపోవడం మీరు గట్టిగా అడగవలసిన రెండో విషయం. గెస్ట్ లెక్చరర్‌కు తరగతికి ఇంత అని ఇచ్చే పద్ధతిలో, ఇంటి దగ్గర కూర్చొని కాగితాలు దిద్దిన గంటలకు డబ్బు రాదు. యూజీసీ 2019లో గెస్ట్ లెక్చరర్లకు తరగతికి 1,500 రూపాయలు, నెలకు 50,000 రూపాయలకు మించకుండా అని సూచించింది. ఆ సూచనలో కూడా లెక్క తరగతికే. ఇటువంటి ఏర్పాటులో మంచి రచన బోధకుడు నిలవడం ఆయన ఓర్పు మీద ఆధారపడిన విషయం అవుతోంది.

ప్రశ్న: పర్లాకిమిడిలో తెలుగు గురించి పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులు గారు కూడా తెలుగు పండితులు కారని మా తాతగారు అనేవారు. అది నిజమేనా?
– ఒక విద్యార్థిని, రాయగడ

జవాబు: మీ తాతగారు చెప్పినది నిజమే, అది ఈ సంచికకు చాలా సందర్భోచితమైన మాట కూడా. రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పరీక్షలకు కట్టి, చరిత్ర ప్రధాన విషయంగా బి.ఏ. పూర్తి చేశారు. ఆ తర్వాత కళాశాల తరగతులకు కూడా పాఠాలు చెప్పారు. ఆయన చదువు చరిత్ర, ఉద్యోగం బోధన. శాసనాలు చదవడం, భాషాశాస్త్రం మాత్రం ఎవరూ పాఠంగా చెప్పకుండా స్వయంకృషితో సంపాదించుకున్నవి. ముఖలింగం గుడులలోని శాసనాలను ఆయన స్వయంగా చదివారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయన దగ్గర వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకొని నేర్చుకున్నారు. ఆ కృషి ఫలితంగా సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది.

తెలుగు రచన విషయంలో ఆయన లేవనెత్తిన వాదం కూడా తరగతి గది నుంచే పుట్టింది. పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ 1907 ప్రాంతంలో తెలుగు తరగతుల తీరు చూసి, పుస్తకాల్లో ఉన్న భాషకూ పిల్లలు మాట్లాడే భాషకూ ఇంత దూరం ఎందుకని వాకబు చేసినప్పుడు, ఆ సమస్యను పట్టుకొని చివరిదాకా వదలనివారు రామమూర్తి గారు. గురజాడ అప్పారావు గారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రయత్నంలో కలిసి పనిచేశారు. పరీక్షల్లో పిల్లలు శిష్టవ్యావహారికంలో రాయవచ్చా లేదా అన్నది ఆ వివాదంలో ప్రధానాంశం. అది సాహిత్య వివాదంగానే చాలామందికి గుర్తుంది గాని, నిజానికి అది రచనా బోధనకు సంబంధించిన వివాదం. ఇప్పుడు బరంపురం తండ్రిగారు అడుగుతున్నట్టే, చరిత్ర చెప్పే మనిషికి తెలుగు వాక్యంతో ఏం పని అని ఆయన విషయంలోనూ అడగవచ్చు. తనను ఎదిరించిన పండితులకు ఆయన పాత కావ్యాల నుంచి, శాసనాల నుంచి కుప్పలుగా ఉదాహరణలు తీసి జవాబు చెప్పారు. ఆధారం లేనిదే మాట అనకపోవడం చరిత్ర చదివినవాడి అలవాటు. ఆ అలవాటు తెలుగుకు ఉపకరించింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన రాజమండ్రికి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న మరణించారు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజున కళాశాలల్లో జరిగే సభల్లో ఆయనను భాషావేత్తగా మాత్రమే స్మరిస్తారు, హైస్కూలులో చరిత్ర పాఠం చెప్పిన ఏళ్ల గురించి మాట్లాడేవారు తక్కువ.

ప్రశ్న: నేను దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. చేసి, ఏపీసెట్ (లెక్చరర్ ఉద్యోగాలకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర అర్హత పరీక్ష) పాసయ్యాను. పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాను. ఒడిశా కళాశాలల్లో రచన, భాషా సామర్థ్యం తరగతులు చెప్పే లెక్చరర్ ఉద్యోగానికి అర్హురాలినా? పీహెచ్‌డీ తప్పనిసరి అని కొందరు అంటున్నారు.
– ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

జవాబు: పీహెచ్‌డీ గురించి మీరు విన్నది పాతబడిన సమాచారం. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018 నిబంధనల్లో పెట్టారు, గడువు పొడిగించారు, చివరికి 2023 జులై 1 నుంచి జాతీయ స్థాయి అర్హత పరీక్ష నెట్, లేదా రాష్ట్ర స్థాయి పరీక్షలైన సెట్, స్లెట్‌లలో ఒకటి కనీస అర్హతగా ఉంటే చాలునని సవరించారు. పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. గుర్తింపు పొందిన సంస్థ నుంచి వచ్చిన దూరవిద్య పట్టా మామూలు పట్టాతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది కాబట్టి ఆ విషయంలో బెంగ అక్కర్లేదు.

మీకు అడ్డువచ్చేది ఏపీసెట్. 2002 జూన్ 1 తర్వాత ఏ రాష్ట్రం నిర్వహించిన సెట్ పాసైతే ఆ రాష్ట్రంలోని పోస్టులకే అర్హత ఉంటుంది. మీ ఊరి నుంచి పాతపట్నం వెళితే అక్కడి కళాశాలకు మీ సెట్ చెల్లుతుంది, మీ ఇంటి పక్క కళాశాలకు చెల్లదు. సరిహద్దులో ఉండేవారికి ఈ నిబంధన వల్ల కలిగే ఇబ్బంది, దాన్ని రాసినవారి ఊహకు అందినట్టు లేదు. మీరు యూజీసీ నెట్ రాయండి. తెలుగు విషయం సంఖ్య 27. మొదటి పేపరు అందరికీ ఒకటే: బోధన, పరిశోధన, చదివి అర్థం చేసుకోవడం, తర్కం, సమాచార పట్టికలు వంటివి ఉంటాయి. 50 ప్రశ్నలకు 100 మార్కులు. రెండో పేపరు తెలుగులో 100 ప్రశ్నలకు 200 మార్కులు. మొత్తం మూడు గంటలు, తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. నెట్ విషయాల పట్టికలో ‘రచన’ అని గాని ‘జనరల్ స్టడీస్’ అని గాని లేవని మీరు గమనించే ఉంటారు. ఆ తరగతులు చెప్పేవారందరూ వేరే ఏదో విషయంలో అర్హత సంపాదించి ఇటు రావలసినవారే.

మరొక్క సంగతి. ఒడిశా ప్రభుత్వ నియామకాల్లో ఒడియా మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చి ఉండాలని, ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా భాషా పరీక్ష పాసై ఉండాలని షరతు ఉంటుంది. మీ చదువు తెలుగు మాధ్యమంలో సాగి ఉంటే, ఆ స్థాయి ఒడియా పరీక్షకు ముందే కట్టండి. ప్రకటన వెలువడ్డాక వెతుక్కోవడం కష్టం. పీజీ ఒక విషయంలో, నెట్ మరో విషయంలో ఉన్నవారికి వెసులుబాటు ఇస్తామని 2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా ప్రకటించింది. ముసాయిదాను నమ్ముకొని దరఖాస్తు వ్యూహం వేసుకోవద్దు.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఈ సెమిస్టరు నుంచి మొదటి సంవత్సరం బీటెక్ వారికి మానవ విలువలు, టెక్నికల్ రైటింగ్ రెండూ నన్నే చెప్పమన్నారు. విలువల పాఠానికి వర్క్‌షాపుకు పంపారు. రచనకు ఏమీ లేదు. విద్యార్థుల్లో తెలుగు, ఒడియా, సవర ఇళ్ల పిల్లలున్నారు. నేను ఎప్పుడూ వ్యాకరణం చదవలేదు. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక లెక్చరర్, గుణుపురం

జవాబు: మీ ఉత్తరం చదివాక, మీరు సంకోచించవలసిన అవసరం లేదనిపించింది. విషయం క్రమంలో ఉంది, ఒక్క వాక్యం కూడా అనవసరం కాదు. సార్వత్రిక మానవ విలువల బోధనకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఏర్పాటు చేసే వర్క్‌షాపులలో ఇంజనీరింగ్ శాఖలవారు చాలామంది శిక్షణ పొందారు. ఆ పాఠానికి శిక్షణ ఉండి, రాయడానికి లేకపోవడం విచిత్రమే. రాయడం చదువుకున్నవాడికి దానంతట అదే వస్తుందన్న నమ్మకం మన కళాశాలల్లో బలంగా పాతుకుపోయింది.

మీకు తెలిసిన చోటు నుంచి మొదలుపెట్టండి. మీ వర్క్‌షాపులో, ల్యాబులో పిల్లలు రాసే రికార్డు పుస్తకాలు ఉన్నాయి. వాటిలో తొంభై పాళ్లు పై సంవత్సరం వారి పుస్తకాల నుంచి దించినవేనని మీకూ తెలుసు, వారికీ తెలుసు. ఆ రికార్డులోని ఒక్క ప్రయోగాన్ని తీసుకొని, పుస్తకం మూసేసి, ఆ పని ఎన్నడూ చూడని తమ్ముడికి చెబుతున్నట్టు ఒక పేజీ రాయమనండి. కొలత ఎందుకు తీశారు, తేడా వస్తే దేనివల్ల వచ్చిందనుకున్నారు అన్నవి ఆ పేజీలో ఉండాలి. మొదటి వారమే సగం తరగతికి తాము చేసిన పని తమకే అర్థం కాలేదని తెలిసివస్తుంది. రచన తరగతికి ఇంతకంటే మంచి ఆరంభం సాహిత్యం లెక్చరర్‌కు దొరకదు, ఎందుకంటే ఆయన చేతిలో ల్యాబు లేదు.

ఊరి నుంచి కూడా విషయాలు తీసుకోండి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931లో అది గుణుపురం దాకా సాగింది, తర్వాత బ్రాడ్‌గేజికి మారి 2011లో మళ్లీ మొదలైంది. పట్టాల మధ్య దూరం పెరిగితే వంపుల దగ్గర, వంతెనల దగ్గర, బోగీలు మోసే బరువులో ఏమేమి మారతాయో రెండు పేజీల్లో రాయమనండి. తాతలను అడిగి, చిన్న రైలు రోజుల్లో ప్రయాణం ఎలా ఉండేదో మరో పేజీ రాయమనండి. మొదటిది వివరణ, రెండోది కథనం. రెండింటికీ వాక్యాలు వేరు వేరుగా ఎందుకు నడిచాయో తరగతిలోనే మాట్లాడుకోవచ్చు. వంశధార వరదల మీద కూడా ఇలాగే చేయవచ్చు.

దిద్దేటప్పుడు ఎర్రసిరాతో పేజీ నింపకండి. ఒక్కొక్క కాగితంలో రెండే విషయాలు చెప్పండి. ఒకటి ఆలోచన క్రమం గురించి, ఒకటి భాష గురించి. వ్యాకరణం విషయంలో పరిభాష మీకు రాకపోయినా ఇబ్బంది లేదు, తరగతిలో మళ్లీ మళ్లీ కనిపించే తప్పులను వారానికి ఒకటి చొప్పున బోర్డు మీద పెట్టి సరిచేయించండి. ఎక్కడ పట్టు చాలలేదనిపిస్తే మీ ఇంగ్లీషు శాఖలోనివారిని నెలకొకసారి తరగతికి పిలవండి. వారికి మీ ల్యాబు రిపోర్టుల భాష కొత్త కాబట్టి వారూ కొంత నేర్చుకుంటారు. సాధారణంగా శాఖల మధ్య ఇటువంటి రాకపోకలకు మన కళాశాలల్లో మొహమాటం ఎక్కువ. మొదటిసారి మీరే వెళ్లి అడగండి.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు. మా లెక్చరర్‌కు తెలుగు రాదు. అందువల్ల నా రాతలో తప్పులు ఆయనకు అర్థం కావడం లేదనిపిస్తుంది. నా అనుమానం సరైనదేనా?
– ఒక విద్యార్థి, ఛత్రపురం

జవాబు: కొంతవరకు సరైనదే. తప్పు కనబడడం వేరు, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడం వేరు. ఒడియా క్రియలో ఆడ, మగ తేడా ఉండదు. తెలుగులో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని తేడా చూపిస్తాము. ఒడియా నామవాచకాల వెనుక ‘టి’, ‘టా’ వంటి ప్రత్యయాలు చేరి ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో నిర్దిష్టం చేస్తాయి. తెలుగులో అటువంటి ఏర్పాటు లేదు. ఇంగ్లీషులో నామవాచకం ముందు పెట్టే ఆర్టికల్ దగ్గర తెలుగు పిల్లలు తడబడడానికి ఇదొక కారణం. రెండు భాషలూ తెలిసిన బోధకుడు, లేదా భాషాశాస్త్రం చదివిన బోధకుడు, ఈ మూలాన్ని వెంటనే పట్టుకోగలరు. మీ లెక్చరర్‌కు ఆ అవకాశం లేదు కాబట్టి మీరే సాయపడండి. అర్థం కాని వాక్యం వచ్చినచోట, దాన్ని మొదట ఏ భాషలో అనుకున్నారో మార్జినులో తెలుగులోనో ఒడియాలోనో రాసి ఇవ్వండి. తెలుగు తెలిసిన తోటి విద్యార్థి ఎవరైనా దాన్ని ఆయనకు వివరించగలరు. ఒకటి రెండుసార్లు చేస్తే ఆయనకే ఆసక్తి కలుగుతుంది. ఆయన తెలుగు నేర్చుకోవాలని కోరడం అన్యాయం. ఈ జిల్లాల్లో ఒక్కొక్క తరగతిలో ఉన్న ఇంటి భాషలన్నీ నేర్చుకోవాలంటే ఏ లెక్చరర్‌కైనా ఉద్యోగకాలం చాలదు. అన్నట్టు, ఒడిశా ప్లస్ టూలో మాతృభాషగా తెలుగును తీసుకొనే వీలుంది. మీ తర్వాతి పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: బ్యాంకు మేనేజరుగా పదవీ విరమణ చేశాను. అప్పుల నివేదికలు, తనిఖీ నివేదికలు జీవితమంతా రాశాను. పీజీ గాని నెట్ గాని లేవు. కళాశాలలో రాయడం నేర్పే అవకాశం నాకుందా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఉంది. యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అనే ఏర్పాటు చేసింది. తన వృత్తిలో సాధారణంగా ఉన్నత స్థాయిలో, కనీసం 15 ఏళ్ల అనుభవం ఉండి, ఆ రంగంలో గుర్తింపు ఉన్నవారిని, పట్టాల నిబంధన లేకుండా తీసుకోవచ్చు. ఒక సంస్థలో వీరి సంఖ్య మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించకూడదు. మొదట ఏడాదికి నియమిస్తారు, మొత్తం మూడేళ్లు, అసాధారణ సందర్భాల్లో మరో ఏడాది పొడిగించవచ్చు. ఇది శాశ్వత పోస్టు కాదు, వైస్ ఛాన్సలర్ లేదా డైరెక్టర్ ఆహ్వానం మీద, లేదా మీరు పంపిన వివరాల మీద ఎంపిక సంఘం పరిశీలించి నిర్ణయిస్తుంది. కోరాపుట్‌లో 2009 నుంచి ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది కదా, మీ ఊరికి దగ్గర. వివరాలు పంపేటప్పుడు హోదాల పట్టికతో సరిపెట్టకుండా, ఖాతాదారుల పేర్లు, అంకెలు తీసేసి, మీరు రాసిన నివేదిక నమూనా ఒకటి, దాన్ని ఆధారంగా చేసుకొని పిల్లలకు ఇవ్వదలచిన అభ్యాసాలు కొన్ని జతచేయండి. ఆలోచన బాగుందనిపిస్తే ముందుగా ఒకటి రెండు అతిథి ఉపన్యాసాలకు పిలవడం సాధారణంగా జరిగేది. దానికి ఒప్పుకోండి.